డ్రైవింగ్ కొత్త, కారు పాత: మొదటి క్లాసిక్ బండి ఎంచుకోవడం ఎలా

అంబాసిడర్‌లో వెళ్తూ సిగ్నల్ దగ్గర ఆగితే పక్క స్కూటర్ మీదున్న పెద్దాయన "ఏ సంవత్సరం మోడలండీ?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న కోసమే పాత కారు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు, అందులో తప్పేమీ లేదు. అయితే డ్రైవింగే కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లు పాత కారు కొనాలంటే చూసుకోవాల్సిన పనులు కొన్ని ఎక్కువ. వాటిని ఏ వరసలో చేస్తే డబ్బూ, ప్రాణమూ క్షేమంగా ఉంటాయో చెప్తాను. మన దగ్గర దొరికే బండ్ల గురించే మాట్లాడుకుందాం. విదేశీ కార్ల సంగతి వేరే లెక్క.

ముందు లైసెన్సు, అది కూడా కొత్త కారు మీద

పాత కారు మీదే డ్రైవింగ్ నేర్చుకుంటానంటే నేను ఒప్పుకోను. బండి ఆగిపోయిందనుకోండి, క్లచ్ మీరు సరిగా వదల్లేదా, పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు పంపే కార్బురేటర్‌లో చెత్త అడ్డుపడిందా అన్నది కొత్తవాళ్లకు తెలియదు. తప్పు మనదో బండిదో తేలకపోతే ఎన్నాళ్లు నడిపినా చేయి కుదరదు. అందుకే డ్రైవింగ్ స్కూల్లో మామూలు చిన్న కారు మీద నేర్చుకోండి. 18 ఏళ్లు నిండితే లెర్నర్ లైసెన్సు ఇస్తారు, అది 6 నెలలు చెల్లుతుంది. 30 రోజులు గడిచాక పక్కా లైసెన్సుకు టెస్టుకు వెళ్లొచ్చు. లైసెన్సు వచ్చాక ఇంట్లోవాళ్ల కారో, స్నేహితుల కారో తీసుకుని మూడు నాలుగు నెలలు ఊళ్లో తిప్పండి. ఎదురుగా ఆటో వస్తున్నా గేరు వైపు చూడకుండా చేయి దానంతటదే వెళ్తోందంటే, ఇక పాత బండి వెతుక్కోవచ్చు.

తర్వాత మెకానిక్, ఆ తర్వాతే కారు

అందరూ దీన్ని తలకిందులుగా చేస్తారు. ముందు ఆన్‌లైన్‌లో ఎర్ర ఫియట్ ఫొటో చూసి మనసు పారేసుకుంటారు, కొనేస్తారు, ఆపైన దాన్ని ఎవరు బాగుచేస్తారా అని తిరుగుతారు. ఇవాళ్టి షెడ్లలో చాలామంది కుర్రాళ్లు స్కానర్ పెట్టి తప్పు కనిపెట్టడానికి అలవాటు పడ్డవాళ్లు. ప్లగ్గులకు కరెంటు వెళ్లే సమయాన్ని నడిపే పాయింట్ల గ్యాపు సరిచేయడం, కార్బురేటర్ విప్పి కడిగి మళ్లీ ట్యూనింగ్ చేయడం వాళ్లకు రాదు. అది వాళ్ల తప్పు కాదు, ఆ బండ్లు వాళ్ల షెడ్డుకు రాలేదంతే.

కాబట్టి మీ ఇంటికి ఐదారు కిలోమీటర్లలో పాత బండ్లు చేసే షెడ్డు ఏదుందో వాకబు చేయండి. పాత టాక్సీ డ్రైవర్లను అడిగితే ఇట్టే చెప్తారు. షెడ్డు ముందు ఒకటో రెండో పాత కార్లు ఉన్నాయా, వాటి మీద పని నడుస్తోందా లేక దుమ్ము పట్టి పడున్నాయా అన్నది చూడండి. ఆ మెకానిక్ దగ్గర పాయింట్ల గ్యాపు కొలిచే ఫీలర్ గేజీ ఉందో లేదో చూడండి. ఉంటే సగం నమ్మొచ్చు. తర్వాత సూటిగా అడగండి: "బాబాయ్, మీ చేతికి ఏ బండి బాగా అలవాటు? దేని సామాను తొందరగా దొరుకుతుంది?" ఆయన ఫియట్ అన్నాడా, మీ వెతుకులాట ఫియట్ దగ్గరే మొదలుపెట్టండి. మీకు అంబాసిడర్ ఇష్టం కావచ్చు, కానీ నెలకోసారి బండి కింద దూరేది ఆయన.

సామాను సంగతికొస్తే విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ మనకు దగ్గర. అక్కడ దొరకనివి చెన్నై పుదుపేటలోనో, ఢిల్లీ కశ్మీరీ గేట్‌లోనో దొరుకుతాయి. బండి కొనకముందే ఒకసారి రాణిగంజ్ వెళ్లి మీరనుకున్న మోడల్‌కు బ్రేక్ వీల్ సిలిండర్, క్లచ్ ప్లేటు, ముందు అద్దం ఉన్నాయా, ఎంత అని అడిగి రండి. ఇంజిన్ సామాను ఎలాగోలా దొరుకుతుంది. పాత బండ్లకు అసలు తలనొప్పి అద్దాలు, రబ్బరు బీడింగులు, లైటు గ్లాసులు, క్రోమ్ ముక్కలు.

ఏ బండి?

నన్నడిగితే మొదటి క్లాసిక్‌గా కార్బురేటర్ మారుతి 800. ఇది విని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారని తెలుసు, "అది క్లాసిక్ ఏమిటి, మా మామయ్య కారు" అంటారు. 1983 డిసెంబరులో ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి కారు తాళాలు ఇచ్చిన బండి అది. ఆ తొలి ఎస్ఎస్80 మోడల్‌కు ఇప్పుడు సేకరించేవాళ్లలో మంచి గిరాకీ ఉంది. కొత్తవాళ్లకు మాత్రం 1986లో రూపం మారిన తర్వాతి మోడల్ మేలు. 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్, ముందు చక్రాలకు పవర్, సీట్ల మధ్య కింద గేరు, బరువు దాదాపు 650 కిలోలు. పవర్ స్టీరింగ్ లేకపోయినా చేతులు నొప్పి పుట్టవు, సందుల్లో తిరుగుతుంది. పైగా పాత బండ్లు చేసే మెకానిక్కుల్లో దాన్ని చేయలేనివాడు మన రెండు రాష్ట్రాల్లో దాదాపు లేడు. దీంట్లో మర్చిపోకూడనిది టైమింగ్ బెల్టు. ఎప్పుడు మార్చారో అమ్మేవాళ్లు చెప్పలేకపోతే మారలేదనే అనుకోండి.

ప్రీమియర్ పద్మినిని మనవాళ్లు ఇప్పటికీ ఫియట్ అనే అంటారు. 1964లో ముంబై కుర్లాలో ఫియట్ 1100గా మొదలై 1970ల్లో పద్మిని అయింది. 1089 సీసీ ఇంజిన్, స్టీరింగ్ పక్కన గేరు. ముంబైలో నలుపు పసుపు పద్మిని టాక్సీలు 2023 అక్టోబరులో పూర్తిగా ఆగిపోయాయి. అంబాసిడర్ కంటే చిన్నది, పార్కింగుకు సులువు. చివరి రోజుల్లో కింద గేరుతో వచ్చినవి దొరికితే కొత్త చేతికి ఇంకా నయం.

అంబాసిడర్ అందం అంబాసిడర్‌దే. కోల్‌కతా దగ్గర ఉత్తర్‌పారాలో 1958 నుంచి 2014 దాకా తయారైంది కాబట్టి ఏ కాలం మోడల్ కావాలంటే ఆ కాలానిది దొరుకుతుంది. పాత 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్ మొండిది, తొందరగా చెడదు. కానీ స్టీరింగ్ బరువు, బ్రేకు బరువు, ముందు భాగంలో ఊరికే గ్రీజు అడుగుతుంటుంది. స్టీరింగ్ పక్కనుండే గేరు నేర్చుకోవాలి. 1990ల మొదట్లో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజిన్, ఐదు గేర్ల మోడల్ నడపడానికి చాలా హాయి. రోజూ కాకపోయినా వారానికి రెండుసార్లు తీస్తానంటే అదే తీసుకోండి.

పాత ఫియట్, పాత అంబాసిడర్ రెండింట్లోనూ ఫస్ట్ గేరుకు సింక్రో, అంటే కదులుతుండగా గేరు సాఫీగా పడనిచ్చే ఏర్పాటు, ఉండదు. బండి పూర్తిగా ఆగితే తప్ప ఫస్టులో పడదు, బలవంతంగా వేస్తే కర్రుమని పళ్లు అరుస్తాయి. సిగ్నల్ దగ్గర నెమ్మదించి కదులుతూనే ఫస్టు వేసే అలవాటు కొత్త కార్ల మీద నేర్చుకున్నవాళ్లకు ఉంటుంది, అది మానుకోవాలి.

కాంటెస్సా, స్టాండర్డ్ హెరాల్డ్, పాత జీపు మొదటి బండిగా వద్దు. కాంటెస్సా పొడుగు, తాగుడు ఎక్కువ, బాడీ సామాను దొరకడం గగనం. మద్రాసులో తయారైన హెరాల్డ్ ముద్దుగా ఉంటుంది కానీ ఆ బండి తెలిసిన మెకానిక్కులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. జీపు పొట్టిది, ఎత్తుది. వేగంగా మలుపు తిప్పితే పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. ఇంజిన్, చాసిస్ మార్చేసి ఆర్‌సీలో ఎక్కించని జీపులు కూడా చాలా తిరుగుతున్నాయి.

కాగితాలు చూడకుండా బండి చూడొద్దు

బండి చూస్తే మనసు మెత్తబడుతుంది. అందుకే ఆర్‌సీ ఫొటో ముందు తెప్పించుకోండి, నంబరు కొట్టి ప్రభుత్వ వాహనాల వెబ్‌సైటు పరివాహన్‌లో చూడండి. ఓనరు పేరు, ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్సు, ఫైనాన్సు కనిపిస్తాయి. నంబరు అసలు అక్కడ లేకపోతే, పుస్తకం ఆర్‌సీ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కలేదని అర్థం. ఆ పని అమ్మేవాళ్ల చేతే ఆర్టీఓ ఆఫీసులో చేయించాలి, మీరు నెత్తిన వేసుకోవద్దు.

పాత బండ్లలో తరచూ కనిపించే చిక్కు, ఆర్‌సీ చనిపోయిన తాతగారి పేరు మీదే ఉండిపోవడం. అప్పుడు వారసుడి పేరు మీదికి ఫారం 31తో మార్చాక, అక్కణ్నుంచి ఫారం 29, 30 మీద మీ పేరుకు రావాలి. "సంతకాలు పెట్టి ఇచ్చేస్తాం, మీరు చూసుకోండి" అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. రేపు ఒక వారసుడు అడ్డం తిరిగితే బండి మీ వాకిట్లో ఉన్నా మీది కాదు.

ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది, తర్వాత ఫిట్‌నెస్ చేయించి 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ ఫీజు 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలు చేశారు. 2025లో 20 ఏళ్లు దాటిన కార్లకు 10,000 చేశారు. పాత బండ్ల మీద వేసే గ్రీన్ ట్యాక్సు దీనికి అదనం. గడువు అయిపోయిన బండి ధర తక్కువ చెప్తే ఆ తేడా ఇక్కడే పోతుంది.

ఢిల్లీ నంబరు బండ్లు చవగ్గా వస్తుంటాయి. అక్కడ 15 ఏళ్లు దాటిన పెట్రోల్, 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు పెట్టడం వల్ల వాటిని బయటి రాష్ట్రాలకు తోలేస్తున్నారు. బండి బాగుండొచ్చు, కానీ అక్కడి ఆర్టీఓ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ), ఇక్కడి లైఫ్ ట్యాక్సు, మళ్లీ రిజిస్ట్రేషన్ ఉంటాయి. ఆ మొత్తం ఆర్టీఓ ఆఫీసులో కనుక్కుని ధరకు కలిపి చూసుకోండి. అలాగే విజయవాడలో ఉంటూ ఏపీ 9 నంబరు చూసి మన రాష్ట్రమే అనుకోవద్దు. అది హైదరాబాద్ నంబరు, అంటే ఇప్పుడు తెలంగాణది.

50 ఏళ్లు దాటిన బండికి "వింటేజ్" రిజిస్ట్రేషన్ అని 2021లో నిబంధనలు తెచ్చారు. నంబరు మధ్యలో వీఏ అని వస్తుంది, గర్వంగా ఉంటుంది. కానీ ఆ బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోలు, రిపేరు, ఇంతవరకే. చేయి కుదుర్చుకోవడానికి కొంటున్న మీకు అది పనికిరాదు.

బండి దగ్గర

పొద్దున్నే వెళ్లండి. ముందే ఫోన్ చేసి "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయకండి" అని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి, ఎందుకంటే చల్లటి ఇంజిన్ దాచలేని విషయాలను వేడి ఇంజిన్ దాచేస్తుంది.

మొదట తుప్పు చూడాలి, ఇంజిన్ కాదు. ఇంజిన్ సిలిండర్లు అరిగి బోరుకొస్తే చేయించొచ్చు, పిస్టన్లు మార్చొచ్చు. ఫ్లోరు, సైడు రన్నింగ్ బోర్డు లోపల, జాకీ పెట్టే చోట తుప్పు తినేసిన అంబాసిడర్‌నో, ఫియట్‌నో నిలబెట్టడం ఇంజిన్ కంటే ఖరీదు. వీటికి విడిగా చాసిస్ ఉండదు, బాడీయే ఎముకలు. ఒక చిన్న అయస్కాంతాన్ని పాత గుడ్డలో చుట్టి తీసుకెళ్లండి, పెయింటు గీరుకుపోకుండా. తలుపుల కింది అంచు, చక్రాల మీది వంపు, డిక్కీ అంచు వెంట దాన్ని ఆనిస్తూ పోండి. గట్టిగా పట్టుకుంటూ వచ్చి ఒకచోట జారిపోయిందంటే అక్కడ రేకు మీద మందంగా పుట్టీ ఉంది. ఒకచోట ఉంటే ఎప్పుడో తగిలి ఉంటుంది, పర్లేదు. రెండు తలుపుల కింద వరసగా జారిపోతే ఆ మెరిసే పెయింటు మీకోసమే వేయించారన్నమాట. తర్వాత కార్పెట్ ఎత్తి ఫ్లోరు చూడండి, స్టెప్నీ తీసి దాని గుంట చూడండి, బ్యాటరీ కింద చూడండి. విశాఖ, కాకినాడ, నెల్లూరు వైపు బండ్లలో ఉప్పుగాలి పని ఎక్కువ. అనంతపురం, హైదరాబాద్ బండ్లు ఈ విషయంలో కొంత నయం.

టైర్ల మీది గాట్ల పువ్వు నిండుగా ఉన్నా నమ్మొద్దు. పక్కన నాలుగు అంకెల ముద్ర ఉంటుంది. 3214 అంటే 2014లో 32వ వారంలో తయారైందని. తిరగని బండి టైరు అరగదు, కానీ గట్టిపడి పగుళ్లిస్తుంది. వర్షంలో అది జారుతుంది.

వైరింగు చూడండి. డాష్‌బోర్డు కింద నల్ల టేపు చుట్టిన అతుకులు గుత్తులు గుత్తులుగా ఉంటే వైరింగు మొత్తం మార్చాల్సిందే. పాత కార్లు తగలబడేది ఎక్కువగా ఇక్కడా, పెట్రోలు గొట్టం దగ్గరా. ఆ గొట్టాల సంగతి ఇప్పుడు మరీ ముఖ్యం. మన బంకుల్లో ఇప్పుడొచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరు దానికి తట్టుకోదు. గొట్టం వేళ్లతో నొక్కితే మెత్తగా జిగటగా తగిలినా, వంచితే పగుళ్లు కనిపించినా మార్చాల్సిందే.

ఆయిల్ మూత తీసి లోపల చూడండి. పెరుగులాంటి తెల్లటి నురగ పట్టి ఉంటే నీళ్లు ఆయిల్‌లో కలుస్తున్నాయేమోనని మీ మెకానిక్ చేత గట్టిగా పరీక్ష చేయించండి. ఆపైన సెల్ఫ్ కొట్టమనండి. మీరు సైలెన్సర్ వెనక నిలబడండి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని, నల్ల పొగ పెట్రోలు ఎక్కువ పోతోందని, వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ ఇంజిన్ తలకు వేసే హెడ్ గాస్కెట్ పోయిందని గుర్తు.

టెస్ట్ డ్రైవ్ మెకానిక్‌ది, పక్క సీటు మీది

కొత్తవాళ్లు తెలియని పాత బండిని ట్రాఫిక్‌లో నడిపి చూడకూడదు. మీ మెకానిక్‌కు ఆ రోజు కూలీ ఇచ్చి తీసుకెళ్లండి. అమ్మేవాళ్లు చూపించిన మెకానిక్ వద్దు, ఆయన మాట ఎటు మొగ్గుతుందో చెప్పక్కర్లేదు. ఖాళీ రోడ్డు మీద 40లో వెళ్తూ బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగుతుందా? సెకండ్ గేరులో వేగం అందుకుని యాక్సిలరేటర్ వదిలేస్తే గేరు దానంతటదే బయటికి దూకుతుందా? బండి నిలబెట్టి చూస్తే, చక్రం కదలకుండా స్టీరింగ్ ఎంత వదులుగా తిరుగుతోంది? హ్యాండ్ బ్రేకు ఎత్తు మీద పట్టుకుంటుందా? హ్యాండ్ బ్రేకు సరిగా లేని బండితో ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే కొత్తవాళ్లకు వచ్చే టెన్షన్ ఇంతా అంతా కాదు.

చివర్లో అరగంట ఊళ్లో నెమ్మదిగా తిప్పించి టెంపరేచర్ ముల్లు చూడండి. హైదరాబాద్ మే నెలలో రేడియేటర్ బాగాలేని అంబాసిడర్ ప్రతి సిగ్నల్ దగ్గరా మరుగుతుంది.

డబ్బు

చేతిలో ఉన్నదంతా కారు మీద పెట్టొద్దు. కనీసం మూడో వంతు పక్కన ఉంచండి, మొదటి నెలలోనే కావాలి. డబ్బు మొత్తం ఇచ్చేముందు అసలు ఆర్‌సీ చేతిలోకి రావాలి, పెండింగ్ చలాన్లు కట్టేసి ఉండాలి. తేదీ, టైము వేసిన డెలివరీ లెటర్ రాయించుకోండి. బండి చేతులు మారేదాకా అది ఎవరి బాధ్యతో ఆ లెటర్ చెప్తుంది.

ఇన్సూరెన్సులో చిన్న కిటుకు ఉంది. 2022 జూన్ నుంచి అమల్లోకి వచ్చిన థర్డ్ పార్టీ రేట్లలో 1000 సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094, 1500 సీసీ లోపు 3,416, ఆ పైన 7,897 రూపాయలు. అంటే పాత అంబాసిడర్ మధ్య మెట్టులో ఉంటుంది, ఇసుజు అంబాసిడర్ పై మెట్టు ఎక్కేస్తుంది. మారుతి 800 అన్నిటికంటే చవక.

ఇంటికి తెచ్చాక

ముందు షెడ్డుకే పంపండి, గుడికి తర్వాత. అన్ని ఆయిళ్లు, బ్రేక్ ఫ్లూయిడ్, వీల్ సిలిండర్ కిట్లు, బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టాలు, ఫ్యాన్ బెల్టు, కూలెంట్ మార్పించండి. పాత మోడళ్లలో నాలుగు చక్రాల బ్రేకులకూ ఒకే లైను ఉంటుంది, ఒక్కచోట కారితే నాలుగూ పోతాయి. ఎక్కడా బేరమాడొద్దని నేను గట్టిగా చెప్పేది బ్రేకుల దగ్గరే.

ముందు సీట్లకు బెల్టులు మన దేశంలో 1994 నుంచే తప్పనిసరి అయ్యాయి. అంతకుముందు బండి అయితే బెల్టులు ఉండకపోవచ్చు. రేకుకు కాకుండా లోపలి బలమైన భాగానికి బోల్టు పడేలా మూడు పాయింట్ల బెల్టులు వేయించుకోండి. ఎడమ అద్దం లేకపోతే అది కూడా. "ఒరిజినల్ పోతుంది" అని ఎవరైనా అంటే అననివ్వండి.

మొదటి వారాలు ఆదివారం పొద్దున ఆరింటికి, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు తీయండి. ముందు వెళ్తున్న బండికి, కొత్త కారులో వదిలే దూరానికి రెట్టింపు వదలండి, చక్రాలు బిగుసుకోకుండా ఆపే ఏబీఎస్ లేదు, బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుని జారతాయి. వెనక వచ్చేవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. డిక్కీలో ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సర్, ప్లగ్గులు, ఫ్యూజులు, ఐదు లీటర్ల నీళ్లు, మంటలార్పే చిన్న సిలిండర్, ఒక పాత గుడ్డ ఉంచుకోండి. ఎండాకాలంలో బండిలోని పెట్రోలు పంపు వేడెక్కి బండి ఆగిపోతే తడిగుడ్డ పంపు మీద వేసి కాసేపు ఆగితే మళ్లీ అందుకుంటుంది.

వానలో మోకాలి లోతు నీళ్లలో దింపొద్దు. చక్రాల్లోకి నీళ్లు వెళ్తే డ్రమ్ బ్రేకులు పట్టవు. తప్పక నీళ్లు దాటాల్సొస్తే, దాటిన వెంటనే వేగం పెంచకుండా సెకండ్ గేరులో బ్రేకు మీద కాలు మెల్లగా ఆనించి కొంతదూరం నడపండి. లైనర్లు ఆరి పట్టు తిరిగొచ్చాక థర్డ్ వేయండి.